మొగ దగ్గర రెండో దీపం

ఈమధ్య మా శాఖలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి ఫోన్ చేసింది. తీరంలో ఎక్కడో లైట్ హౌస్‌లో పోస్టింగ్ వచ్చిందట. "మేడం, ఇప్పుడంతా ఆటోమేటిక్ అయిపోయింది కదా. పొద్దుగూకగానే దానంతటదే వెలుగుతుంది, తెల్లారగానే దానంతటదే ఆరుతుంది. ఇక మనం చేసేదేముంది?" అని అడిగింది. రిటైరైనవాళ్ళను ఇలాంటి ప్రశ్న అడక్కూడదు. అడిగితే ఊరికే వదలరు. ఆ సమయానికి ఆమె ఎక్కాల్సిన బస్సు రావడంతో బతికిపోయింది. ఆమెకు చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ రాస్తున్నాను. మీకు బస్సు టైమేమీ కాలేదు కదా, తీరిగ్గా చదవండి.

నాది పామిడిముక్కల వైపు ఒక పల్లెటూరు. ఎటు చూసినా వరి. చిన్నప్పుడు ఒకే ఒక్కసారి సండే స్కూలు వాళ్ళు బందరు తీసుకెళ్ళి సముద్రం చూపించారు. కెరటం వచ్చి కాళ్ళ కింద ఇసుక లాగేస్తుంటే ఏడ్చి గోల చేశానట. అలాంటి నాకు పరీక్ష రాస్తే లైట్ హౌస్‌లో ఉద్యోగం వచ్చింది. మా అమ్మకు అది ఏం ఉద్యోగమో ఎంత చెప్పినా అర్థం కాలేదు. చివరికి బంధువులందరికీ "మా అమ్మాయికి కరెంటాఫీసులో వచ్చిందండీ" అని చెప్పుకుంది. నేనూ సరిదిద్దలేదు.

దూరంగా ఎక్కడెక్కడో తిరిగి, ఉద్యోగం చివరి సంవత్సరాల్లో దివిసీమలో సముద్రం అంచున ఉన్న స్టేషన్‌కు ఇన్‌ఛార్జిగా వచ్చాను. మా ఆయనది గుడ్లవల్లేరులో ఉద్యోగం. శనివారం సాయంత్రం అవనిగడ్డ దాకా బస్సులో వచ్చి, అక్కణ్ణుంచి ఆటోలో కూరగాయల సంచీతో దిగేవారు. సాయంత్రం పూట టవరు చూడ్డానికి జనం వచ్చేవాళ్ళు. తాళాలగుత్తి నా చేతిలోనే కనిపిస్తున్నా "సార్ లేరాండీ?" అని అడిగేవాళ్ళు. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత "సార్ శనివారం వస్తారండీ, వంకాయలు తెస్తారు" అనడం నేర్చుకున్నాను.

నాతో పనిచేసే అసిస్టెంటు గుడివాడ మనిషి. వయసులో నాకంటే కాస్త చిన్న, నసలో బాగా పెద్ద. ఏం చెప్పినా "అది మన పని కాదు మేడం" అనేవాడు. అనేసి వెళ్ళి ఆ పని చేసుకొచ్చేవాడు. జనరేటరు రిపేరు దగ్గర్నుంచి ప్రహరీ గోడ మీది తేనెపట్టు దాకా ఆయన చేసినవన్నీ ఆయన లెక్కలో మా పని కానివే. అలాంటి తోడు దొరకడం అదృష్టమని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు మాత్రం రోజుకోసారైనా నోటిదాకా ఒక మాట వచ్చి ఆగేది.

మా లైటు గురించి ఒక్క ముక్క చెబితే తక్కిన కథ అర్థమవుతుంది. ప్రతి లైట్ హౌస్‌కూ వెలగడంలో తనదైన ఒక లెక్క ఉంటుంది. ఒకటి ఒక్కసారి మెరిసి ఆగుతుంది, ఇంకొకటి మూడుసార్లు. ఏ రెండు పక్కపక్క లైట్లకూ ఆ లెక్క ఒకటి కాదు. చీకట్లో వచ్చేవాడు ఆ లెక్క చూసే తానెక్కడున్నాడో తెలుసుకుంటాడు. మాది రెండు మెరుపులు, ఆ తర్వాత కాసేపు చీకటి. మళ్ళీ రెండు మెరుపులు.

మా దగ్గర కృష్ణ పాయ ఒకటి సముద్రంలో కలుస్తుంది. ఆ కలిసే చోటును మొగ అంటారు. పడవలు చేపల వేటకు వెళ్ళాలన్నా, తిరిగి రావాలన్నా మొగలోంచే దారి. ఏటా వరద వచ్చి వెళ్ళాక అక్కడ ఇసుక మేటలు చోటు మారతాయి. నిరుడు లోతున్న చోట ఈ ఏడు మోకాలి లోతు ఉండదు. పడవల్లో దారి చూపే పెట్టెలున్నా, నిరుటి దారి చూపి మేటెక్కించేస్తాయి. అందుకని మా వైపు పడవలు ఈ ఏటి దారిని కళ్ళతో గుర్తు పెట్టుకుని, మా లైటుకు సూటిగా ముక్కు పెట్టి మొగలోకి వస్తాయి. తెల్లవారకముందు వెళ్ళిన పడవలు పొద్దుగూకే వేళకు తిరిగి వచ్చేవి.

నేను అక్కడికి వచ్చిన రెండో ఏడు డిసెంబరులో, బాగా మంచు పట్టిన ఒక సాయంత్రం, ఒక పడవ మేటెక్కింది. నేను పై బాల్కనీలో అద్దాలు తుడుస్తుండగా కింద గొడవ వినిపించింది. దిగి వచ్చేసరికి ఆ పడవ సరంగు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. సరంగు అంటే పడవ నడిపేవాడు. మెడ దాకా తడిసిపోయాడు. వెనకాల ఆయన భార్య. పడవ ఆవిడ పేరు మీదే ఉంది. చేపలు అమ్మేదీ, బేరం ఆడేదీ, అవసరమైతే ఊరంతటినీ తిట్టేదీ ఆవిడే. నేను అక్కా అని పిలిచేదాన్ని. ఆవిడ నన్ను లైటమ్మ అనేది.

"ఏంటండీ మేడంగారూ, లైటు జరిపారా?" అన్నాడు సరంగు.

నాకు నవ్వొచ్చింది, ఆయన ముఖం చూసి ఆగిపోయింది. "అంత టవరు ఎలా జరుపుతాం బాబాయ్?" అన్నాను.

"మరెందుకు మేటెక్కానండీ? రెండు మెరిసింది, ఆరింది. రెండు మెరిసింది, ఆరింది. మీదే అనుకుని సూటిగా పెట్టా. నీళ్ళలో తిరిగే ఇంజను పంకా వంగిపోయింది. మా బావమరిది చెయ్యిరిగింది. ఇంకాస్త కెరటం ఉంటే బోర్లాపడి అందరం పోయేవాళ్ళం."

అక్క ఏమీ అనలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి నోరు విప్పకపోతే నాకు భయం వేసింది. ఆ చెయ్యి విరిగినవాడు ఆవిడ తమ్ముడు. అప్పటికే ఆటోలో అవనిగడ్డ ఆసుపత్రికి పంపారు.

అసిస్టెంటును లైటు దగ్గర ఉంచి, నేను వాళ్ళతో ఒడ్డు వెంబడి నడిచాను. మొగకు ఎదురుగా ఇసుక దిబ్బ ఎక్కి వెనక్కి తిరిగి చూస్తే, మా లైటుకు ఎడంగా, చెట్ల పైన ఇంకో దీపం. రెండు మెరుపులు, చీకటి. రెండు మెరుపులు, చీకటి. నిజం చెప్పొద్దూ, పాతికేళ్ళకు పైగా లైట్ల దగ్గరే బతికిన నేను కూడా ఒక్క క్షణం తడబడ్డాను. ఆ తర్వాత గుర్తుపట్టాను. అది మా చర్చి స్టారు.

క్రిస్మస్ నెల వస్తే మా క్రైస్తవుల ఇళ్ళ మీదా, చర్చిల మీదా నక్షత్రం కట్టడం మీకు తెలిసిందే. ఆ ఊళ్ళో చర్చి సంఘపెద్ద ఒక రిటైర్డ్ బస్సు డ్రైవరు. అవనిగడ్డ, బందరు రూట్లో జీవితమంతా బస్సు తోలారు. నేను ఆ ఊరు వచ్చిన మొదటి వారమే "మీ నాన్నగారి ఊరు ఏదమ్మా" అని ఆరా తీసి, ఎక్కడో దూరపు చుట్టరికం లాగి, మావయ్య అయిపోయారు. ఆయన భార్య, మా అత్తయ్య, ప్రతి ఏడూ వెదురు బద్దలు చీల్చి, రంగు కాగితం అంటించి తన చేత్తో స్టారు కట్టేది. "ఎప్పటికైనా మన స్టారు చాలా దూరం కనిపించాలండీ" అనేదట. ఆ ఏడు వేసవిలో ఆవిడ పోయింది. అందుకని ఆ డిసెంబరుకు మావయ్య విజయవాడ వెళ్ళి, మనిషంత స్టారు కొనుక్కొచ్చి, చర్చి గోపురం పైన ఇనప గొట్టం ఎక్కించి కట్టారు. దానిలో మిణుకుమిణుకుమనే పెట్టె ఒకటి బిగించే వచ్చింది. వెలిగించిన రోజు సంఘమంతా చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. కింద నిలబడి చూస్తే అది స్టారే. సముద్రంలోంచి చూస్తే అది మా లైటు.

పైగా పిల్లలు బడి నుంచి రాగానే స్విచ్చి వేసేవాళ్ళు. మా లైటు పొద్దుగూకాక గానీ వెలగదు. మంచులో వచ్చే పడవకు ముందుగా కనిపించేది స్టారే.

ఆ రాత్రే మా పై ఆఫీసరుకు ఫోన్ చేశాను. ఆయన మంచివాడే గానీ, దేనికైనా కాగితమే మందు అనుకునేవాడు. "నోటీసు ఇచ్చేయండి. కాపీ పోలీస్ స్టేషన్‌కి పంపండి. తీయకపోతే వాళ్ళే తీయిస్తారు," అన్నాడు. రూలు ప్రకారం అదే సరైనది. తీరంలో లైట్ హౌస్‌ను పోలిన దీపం ఇంకొకటి ఉండకూడదు. కానీ మర్నాడు పొద్దున్నకే ఊళ్ళో గాలి మారిపోయింది. చేపలవాళ్ళ పేటలో కుర్రాళ్ళు గోపురం ఎక్కి వైరు కోస్తామంటున్నారు. చర్చి పేటలో కుర్రాళ్ళు దీనికి రెట్టింపు స్టారు కడతామని వాట్సాప్‌లో స్టేటస్‌లు పెడుతున్నారు. అన్నాళ్ళూ ఒకే టీ కొట్టు దగ్గర తాగినవాళ్ళు అటొకళ్ళు, ఇటొకళ్ళు నిలబడ్డారు. పోలీసుల చేత చర్చి మీది స్టారు దింపిస్తే, అది స్టారుతో ఆగదని ఎవరికైనా అర్థమవుతుంది. దింపకపోతే ఇంకో పడవ మేటెక్కుతుంది.

"రెండు రోజులు టైమివ్వండి సార్," అని ఆఫీసరును బతిమాలాను.

"ఊళ్ళో తగాదాలు తీర్చడం మన పని కాదు మేడం," అన్నాడు అసిస్టెంటు. అని, బైకు తీసి, మావయ్య ఇంటి దగ్గర నన్ను దింపాడు.

మావయ్య వరండాలో కూర్చుని ఉన్నారు. సంగతి అప్పటికే తెలుసు. నేను నోరు తెరవకముందే, "అమ్మాయ్, నువ్వు కూడా దింపమనడానికే వచ్చావా?" అన్నారు. "నలభై ఏళ్ళు కాగితం స్టారు కట్టింది మీ అత్తయ్య. వానొస్తే నానిపోయేది, మళ్ళీ కట్టేది. ఆవిడ పోయాక మొదటి క్రిస్మస్ ఇది. ఈ ఒక్కటీ అడుగుతున్నాను. ఎవరో మంచులో దారి తప్పితే మా స్టారు మీద తోస్తారేంటి?"

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకూ తిరిగాయి. రూలు గురించి చెబుదామని వెళ్ళినదాన్ని, రూళ్ళు పక్కన పెట్టేశాను. అప్పుడే ఎందుకో, ముందుగా అనుకోకుండా అడిగేశాను. "మావయ్యా, స్టారు చాలా దూరం కనిపించాలని అత్తయ్య అనేది కదా. మీరు చూశారా, సముద్రంలోంచి?"

ఆయన తెల్లబోయారు. సముద్రం సైకిలు మీద వెళ్ళేంత దూరంలో పెట్టుకుని, ఆ పెద్దాయన జీవితంలో ఒక్కసారి కూడా పడవెక్కలేదు.

పడవ ఎవరిస్తారన్నది తర్వాతి సమస్య. ఆడమనిషి ఎక్కితే వేట పడదని అక్కడ ఒక నమ్మకం. నేనెక్కాలి, పైగా స్టారు కట్టినాయన్ను ఎక్కించాలి. అక్క దగ్గరకు వెళ్ళి అడిగాను. సరంగు నేల చూపులు చూశాడు. అక్క నన్ను ఎగాదిగా చూసి, "పంకా బాగుచేయించాం. పడవ నాది. నాది నేనెక్కితే వేట పడదా? నువ్వెక్కు, నేనూ వస్తా. ఒకాడదెక్కినా అంతే, ఇద్దరెక్కినా అంతే," అంది. సరంగు తలూపాడు. ఆ ఇంట్లో ఆవిడ మాట అయ్యాక ఎవరూ మాట్లాడరు.

మర్నాడు సాయంత్రం సెలవు పెట్టి, లైటు అసిస్టెంటుకు అప్పగించి బయల్దేరాను. మావయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో నిమ్మకాయ పెట్టుకుని వచ్చారు. మొగ దాటేదాకా బాగానే ఉన్నారు. దాటాక నిమ్మకాయ పని చేయలేదు. అక్క ఆయన వీపు రాస్తూ, "బస్సులో ఎంతమంది కక్కుంటే చూసుంటావు మావా, ఇప్పుడు నీ వంతు," అంటూ నవ్వింది. మొన్న మేటెక్కిన పడవలోనే, తమ్ముడి చెయ్యి విరిగిన పడవలోనే ఆవిడ అలా నవ్వుతుంటే, నాకు ఆవిడ మీద చెప్పలేనంత గౌరవం కలిగింది.

పొద్దుగూకింది. మంచు దిగింది. ఒడ్డున చెట్లు ఒక గీతలా మిగిలి, తర్వాత అదీ కనపడకుండా పోయింది. సరంగు ఇంజను నెమ్మది చేసి, "మావా, ఇప్పుడు డ్రైవరువి నువ్వే. లైట్ హౌస్ ఎటో చూపెట్టు. నువ్వు ఎటు చెబితే అటే పోనిస్తా," అన్నాడు.

మావయ్య మూతి తుడుచుకుని, పడవ అంచు పట్టుకుని నిలబడ్డారు. కళ్ళు చికిలించి చూశారు. జీవితమంతా చీకట్లో ఎదురుగా వచ్చే బండ్లను చూసిన కళ్ళు అవి. తడుముకోకుండా చెయ్యి చాపారు. "అదిగో. రెండు మెరుపులు. అదేగా?"

సరంగు పడవను అటే తిప్పాడు. కాస్త దూరం వెళ్ళాక ఇంజను ఆపి, లోతు చూసే గెడ తీసి మావయ్య చేతికిచ్చాడు. "దింపు మావా."

మావయ్య గెడ దింపారు. వెంటనే ఇసుకలో దిగబడి నిలిచిపోయింది. నీళ్ళు గెడను మోకాలెత్తు దాకా మాత్రమే తడిపాయి. అది మొన్న పడవ ఎక్కిన మేట. ఆయన గెడ వంక చూశారు, దీపం వంక చూశారు. అప్పటికి మంచు కాస్త పలచబడి, కుడివైపు, ఇంకా ఎత్తున, మా అసలు లైటు మెరిసింది. రెండు మెరుపులు, చీకటి.

"మరి ఇది..." అన్నారు మావయ్య.

"మీదే మావయ్యా," అన్నాను.

ఆయన చాలాసేపు నిలబడి చూశారు. చివరికి మాట్లాడినప్పుడు ఆయన గొంతులో రెండూ ఉన్నాయి, సంతోషమూ ఏడుపూ. "ఇంత దూరం కనిపిస్తోందా అమ్మాయ్! మీ అత్తయ్య అనుకున్నట్టే ఉంది. సరిగ్గా అనుకున్నట్టే." తర్వాత పడవలో కూలబడి, తల పట్టుకుని, "ఎదురొచ్చేవాడి కళ్ళల్లోకి హెడ్‌లైటు కొట్టుకుంటూ పోయేవాణ్ణి ఎన్ని బూతులు తిట్టానో నా సర్వీసులో. ఆ పని నేనే చేశాను. అబ్బాయ్, నీ బావమరిది చెయ్యి ఎట్టా ఉంది?" అని అడిగారు.

"కట్టేశారు. సంక్రాంతికి విప్పుతారంట," అన్నాడు సరంగు.

"ఇంటికెళ్ళగానే దింపేస్తా," అన్నారు మావయ్య. అనేశారు గానీ, ఆ మాట ఆయన నోట్లోంచి ఎంత కష్టంగా వచ్చిందో మాకందరికీ తెలిసింది. మిణకకుండా సన్నగా వెలిగేలా చేస్తే చాలని నేను చెప్పాను. కానీ ఎలక్ట్రీషియన్ ముందే చూశాడట. ఆ పెట్టె లోపల అతికించేసి ఉంది. వెలిగితే మిణకాల్సిందే, లేకపోతే ఆరిపోవాల్సిందే. మార్చాలంటే విజయవాడ కొట్టువాడు పండగ తర్వాత రమ్మన్నాడు.

అప్పుడు అక్క అంది. "దింపటం దేనికి మావా? పండగ పూట దేవుడి స్టారు దింపించామన్న మాట మాకొద్దు. మేం వొచ్చిందాకా ఆపు. మా పడవలన్నీ మొగలోకొచ్చాక వేసుకో. ఆ తర్వాత నువ్వు తెల్లార్లూ మిణికించుకున్నా మాకేం?"

ఇంత తేలికా అనిపించింది. పండగకు వెలుగూ కావాలి, పడవకు దారీ కావాలి. రెండూ ఒకే గంటలో కావాలని ఎవరూ అనలేదు. మా ఆఫీసరూ, నేనూ, రెండు పేటల కుర్రాళ్ళూ దింపడమా ఉంచడమా అని కొట్టుకుంటుంటే, ఎప్పుడు వెయ్యాలన్నది ఆవిడకు తట్టింది.

మర్నాటి నుంచి పద్ధతి మొదలైంది. పడవలు ఒడ్డు చేరగానే అక్క నాకు ఫోన్ చేసేది. నేను పైనుంచి మొగ వైపు ఒకసారి దుర్భిణీతో చూసి, మావయ్యకు ఫోన్ చేసేదాన్ని. "వచ్చేశారు మావయ్యా." అప్పుడు ఆయన స్విచ్చి వేసేవారు. నోటీసు ఇవ్వలేదని, దీపం మాత్రం సర్దుకుందని ఆఫీసరుకు చెప్పాను. "అయితే సరే, కానీ రోజూ మీరే చూసుకోండి," అన్నాడు. చర్చి పేట పిల్లలు మొదటి రోజు ముఖాలు మాడ్చుకున్నారు. మూడో రోజుకే పడవలు లెక్కపెట్టడానికి సైకిళ్ళేసుకుని ఒడ్డుకు రావడం మొదలెట్టారు. సముద్రం పక్కనే పుట్టి, ఆ వైపు ఎన్నడూ చూడని పేట, రోజూ పొద్దుగూకే వేళకు "పడవలొచ్చాయా?" అని ఒకళ్ళనొకళ్ళు అడుగుతుంటే వినడానికి నాకు ఎంత బాగుండేదో.

తర్వాతి సంవత్సరం మిణకకుండా వెలిగే పెట్టె దొరికింది, బిగించారు కూడా. ఇక ఆగాల్సిన పని లేదు. అయినా ఆ ఊళ్ళో ఇప్పటికీ పడవలొచ్చాకే స్టారు వేస్తారు. ఎందుకంటే ఆ మొదటి ఏడు, క్రిస్మస్ ముందురోజు సాయంత్రం జరిగింది ఎవరూ మర్చిపోలేదు.

ఆ సాయంత్రం చర్చిలో పెద్ద కార్యక్రమం. బందరు నుంచి వాక్యం చెప్పడానికి ఒక పెద్ద పాస్టరు గారు వచ్చారు. స్టారు వెలిగించి, ఆ వెలుగులో ప్రార్థన మొదలుపెట్టాలని ఏర్పాటు. పండగకు నా దగ్గరకు వచ్చిన మా ఆయనా, మా అమ్మాయీ కొత్త బట్టలు కట్టుకుని ముందే వెళ్ళారు. "మీరు వెళ్ళండి మేడం, పండగ పూట డ్యూటీ చేయడం మీ పని కాదు," అన్నాడు అసిస్టెంటు. వెళ్దామనే పెడన చీర కట్టుకున్నాను. పడవలన్నీ వచ్చాయని ఫోన్ రాగానే మావయ్యకు చెప్పి వెళ్దామనుకున్నాను. ఫోన్ వచ్చింది గానీ, అక్క గొంతు వేరుగా ఉంది.

"అందరూ వొచ్చారు లైటమ్మా. మాది రాలేదు."

నేను పైకెక్కాను. పొద్దుగూకింది, లైటు వెలిగింది. మొగ దగ్గర ఏమీ లేదు. మొగ దాటితే ఫోన్లు పనిచేయవు. మావయ్య నుంచి ఫోన్. "అమ్మాయ్, వెయ్యనా?"

"ఇంకా ఒకటి రాలేదు మావయ్యా."

"ఎవరిది?"

చెప్పాను. ఆయన ఫోన్ పెట్టేయకుండానే పక్కవాళ్ళతో మాట్లాడటం వినిపించింది. చర్చి ముందు అందరూ నిలబడి ఉన్నారు. పిల్లలు చలిలో నసుగుతున్నారు. పాస్టరు గారు మళ్ళీ బందరు వెళ్ళాలి. ఎవరో అన్నారు, "ఒక్క పడవ కోసం ఇంతమందిమి ఆగాలాండీ? ఇవాళైనా వేసేద్దాం."

మావయ్య గొంతు గట్టిగా వినిపించింది. "ఒక ప్యాసింజరు ఇంకా ఎక్కలేదయ్యా. బస్సు కదలదు."

పాస్టరు గారే చీకట్లో పాట ఎత్తుకున్నారట. నేను పైన గాలిలో దుర్భిణీ పట్టుకుని నిలబడితే, ఆ పాట సన్నగా నా దాకా వచ్చేది, పోయేది. ఒడ్డున అక్క ఒక్కతే నిలబడి ఉంది. అసిస్టెంటు రెండు పడవలవాళ్ళను పిలిచి, టార్చీలిచ్చి, వెతకడానికి పంపించాడు. మావయ్య మళ్ళీ మళ్ళీ ఫోన్ చేశారు. ప్రతిసారీ నేను "ఇంకా లేదు" అన్నాను, ఆయన "సరే అమ్మాయ్" అన్నారు. ఒక్కసారి కూడా వెయ్యనా అని మళ్ళీ అడగలేదు.

మొగ అవతల ఒక టార్చి కనిపించింది. తర్వాత రెండు. వెతకడానికి వెళ్ళిన పడవ తాడు కట్టి ఇంకో పడవను లాక్కొస్తోంది. నేను మెట్లు ఎలా దిగానో, ఆ చీరతో ఇసుకలో ఎలా పరిగెత్తానో తెలియదు. పడవ ఒడ్డు తగిలే వేళకు అక్కడున్నాను. ఇంజను చెడిపోయిందట. లంగరు వేసుకుని కూర్చున్నారు. వేటకెళ్ళిన నలుగురూ క్షేమంగా ఉన్నారు. అక్క మోకాలి లోతు నీళ్ళలోకి వెళ్ళి, సరంగును చొక్కా పట్టుకుని ఒడ్డుకు లాగింది. తిట్టింది. ఆ తర్వాత అతని భుజం మీద తల పెట్టి ఏడ్చింది.

"భయం వేసిందా బాబాయ్?" అని అడిగాను.

సరంగు దంతాలు చలికి టకటకలాడుతున్నాయి. చర్చి వైపు, చెట్ల పైన చీకటిగా ఉన్న చోటు వైపు చూపించాడు. "అటే చూస్తా కూర్చున్నామండీ. మీ లైటు ఉంది, అది లేదు. అది వెలగలేదంటే మా కోసం ఇంకా చూస్తన్నారని తెలిసింది. వెలిగుంటే మమ్మల్ని మర్చిపోయారనుకునేవాళ్ళం."

నేను మావయ్యకు ఫోన్ చేసి, వచ్చారని చెప్పాను. "అందరూనా?" అన్నారు. "అందరూ," అన్నాను. అప్పుడు సరంగు అన్న మాట, అన్నది అన్నట్టు చెప్పాను. అవతల పాట ఆగిపోయింది.

"మీ అత్తయ్యకి చెప్పుకోవాలి అమ్మాయ్ ఈ మాట," అన్నారు.

స్విచ్చి వేసిన చప్పుడు ఫోన్లోనే వినిపించింది.